కొత్త ఫోన్ల నాది కాని ఫింగర్ ఒకటి ఉన్నది. అసలు ఫోన్ల ఏలిముద్ర పెట్టుడు సేఫేనా?

మునుగోడు_మల్లె
మొన్న నల్గొండ గడియారం కాడ ఒక షాపుల కొత్త ఫోన్ తీసుకున్న, పక్క బటన్ మీదనే ఫింగర్ ఉన్న మోడల్. షాపుల పోరడే సిమ్ వేసి జీమెయిల్ ఎక్కించి వాట్సాప్ తెచ్చి అన్ని చేసిచ్చిండు, మంచిగనే చేస్తుండు గదా అని నేను గూడ ఊకున్న. నిన్న రాత్రి సెట్టింగ్స్ గెలుకుతుంటే ఫింగర్‌ప్రింట్ల లిస్టుల రెండు కనిపించినయి. నేను పెట్టింది ఒక్కటే. నా వేళ్లన్ని ఒక్కొక్కటి పెట్టి చూసిన, ఆ రెండోది దేనికీ వెలుగుతలేదు. షాపుకు ఫోన్ చేస్తే "టెస్టింగ్ కోసం పెట్టినమక్కా, తీసేస్కోండి ఏం కాదు" అని కట్ చేసిండు. ఇగ మా తమ్ముడేమో అసలు ఫోన్ల ఫింగర్ పెట్టుడే తప్పు, కంపెనోళ్లు అన్ని జమచేసి చైనాకు పంపుకుంటరు అంటడు. ఆ షాపోడు పెట్టిన ఫింగర్‌తోని నాకు ఏమన్న నష్టం ఉన్నదా, ఇంక నా ఏలిముద్ర నిజంగ ఎటన్న పోతదా? తెలిసినోళ్లు చెప్పున్రి, తిట్టకున్రి.

పాలమూరు_పిట్ట
ఫోన్‌తోని ఏలు ఫ్రీ. టెంపర్డ్ గ్లాస్‌కు మాత్రం పైసలు తీసుకునే ఉంటడు.

మునుగోడు_మల్లె
తీసుకుండు 😑

కోడ్_కూలీ
ముందు ఆ రెండోదాన్ని తీసెయ్ అక్కా. తీసేసి ఆగకు, పిన్ గూడ మార్చు. ఫింగర్ ఎక్కియ్యాల్నంటే ఫోన్ ముందుగాల పిన్ అడుగుతది, అది కొట్టకుండ ఏ వేలూ ఎక్కదు. అంటే నీ పిన్ వానికి ఎరుకే, లేకుంటే పిన్ పెట్టిందే వాడు. జనం అందరు ఏలిముద్ర ఏలిముద్ర అని పరేషాన్ అయితరు గని పెత్తనమంత పిన్‌దే, ఫింగర్ అనేది మాటిమాటికి పిన్ కొట్టే బాధ తప్పనీకి పెట్టింది.

జీమెయిల్ పాస్‌వర్డ్ వాని ముందటనే కొట్టినవా? అయితే అది గూడ మార్చు. గూగుల్ అకౌంట్ల నీ డివైజుల లిస్టు ఉంటది, నీది కాని ఫోన్ కనిపిస్తే సైన్ అవుట్ కొట్టు. వాట్సాప్‌ల లింక్డ్ డివైజెస్ గూడ చూడు.

ఇంకొకటి, బ్యాంక్ యాప్ ఎప్పుడు ఎక్కించినవ్, షాపుల నుంచి వచ్చినంకనేనా? మామూలుగ బ్యాంక్ యాప్‌ల ఫింగర్ ఆన్ చేసినంక ఫోన్‌ల కొత్త వేలు ఏదన్న చేరితే, మంచిగ రాసిన యాప్ అయితే గుర్తుపట్టి ఫింగర్ బంద్ చేసి మళ్ల పాస్‌వర్డ్ అడుగుతది. గని నీ కథల వాని వేలు ముందుగాలనే కూసున్నది, యాప్ ఎన్కసీరి వచ్చింది. యాప్‌కు రెండు వేళ్లూ ఇంటోళ్లవే అన్నట్టు.

మునుగోడు_మల్లె
అయ్యో దేవుడా, ఆ రోజు రాత్రే ఎక్కించిన యాప్. అయినా వాడు నా ఫోన్ పట్టుకుంటెనే గదా ఏమన్న చేసేది?

కోడ్_కూలీ
అవును, ఫోన్ చేతిల ఉండాలె, దూరం నుంచి ఏం చెయ్యలేడు. పైసలు పంపనీకి యూపీఐ పిన్ వేరే ఉంటది. కాకపోతే చిన్న పేమెంట్లకు యూపీఐ పిన్ బదులు ఫింగరో ముఖమో చూపించే ఆప్షన్ 2025 అక్టోబర్ నుంచి వచ్చింది, అది ఆన్ చేసి ఉన్నదేమో చూసుకో. రిపేర్‌కని అదే షాపుకు ఇస్తవేమో చూడు, అప్పుడు మాత్రం పరేషానే.

నమ్మను_పో
షాపోడి సంగతి సరే, అసలు ప్రశ్నకు ఎవ్వరు జవాబు చెప్తలేరు. ఏలిముద్ర ఎటు పోతది? పాస్‌వర్డ్ పోతే ఇంకోటి పెట్టుకుంటం, ఏలు పోతే ఏం పెట్టుకుంటం? నాకున్నయే పది. అమెరికల 2015ల సర్కారు ఉద్యోగుల రికార్డులున్న ఆఫీసును హ్యాక్ చేసి 56 లక్షల మంది ఏలిముద్రలు ఎత్కపోయిన్రు. ఆళ్లంత ఇప్పుడు ఏలు కోసుకోవాల్నా? అంత పెద్ద అమెరికానే కాపాడలేంది పదివేల రూపాల ఫోన్ కాపాడుతదా?

కోడ్_కూలీ
అది వేరే ఇది వేరే అన్నా. అమెరికల పోయింది సర్వర్ల ఒక్క కాడ కుప్పవోసిన ఏలిముద్రలు. ఫోన్ల అట్ల ఉండదు. ఫోన్ నీ ఏలు ఫోటో దాచుకోదు, గీతలు ఎక్కడ ఆగినయి, ఎక్కడ రెండుగ చీలినయి, గా లెక్క మాత్రమే దాచుకుంటది. ఆ లెక్క గూడ మెయిన్ సిస్టమ్‌కు అందకుండ చిప్‌ల వేరే గదిల ఉంటది. ఐఫోన్‌ల 2013ల టచ్ ఐడి వచ్చినప్పటి నుంచి సెక్యూర్ ఎన్‌క్లేవ్ అని, ఆండ్రాయిడ్‌ల ట్రస్టెడ్ ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్ అని అంటరు. వాట్సాప్ అయినా బ్యాంక్ అయినా "ఈయన ఆయననేనా?" అని అడుగుతది, ఆ గదిల నుంచి అవును లేకుంటే కాదు అని ఒక్క ముక్క వస్తది. ఏలు బొమ్మ యాప్‌కు అందనే అందది.

నమ్మకపోతే నువ్వే చూడు. పాత ఫోన్ నుంచి కొత్త ఫోన్‌కు మారినప్పుడు ఫోటోలొస్తయి, కాంటాక్టులొస్తయి, వైఫై పాస్‌వర్డ్‌లు గూడ వస్తయి. ఫింగర్ వచ్చిందా ఎన్నడన్న? మళ్ల ఏలు ఒత్తుకుంట కూసోవాలె. బ్యాకప్‌ల పోతలేదు గనకనే.

నమ్మను_పో
గదిల ఉంటది అని కంపెనోడు చెప్తడు, నువ్వు నమ్ముతవు. హెచ్‌టీసీ వన్ మ్యాక్స్ అని ఫోన్ ఉండె. అండ్ల ఏలిముద్ర ఫోటో మామూలు బొమ్మ ఫైల్ లెక్క, ఏ యాప్ అయినా చదువుకునేటట్టు పడి ఉన్నదని 2015ల ఫైర్‌ఐ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనోళ్లు బయటపెట్టిన్రు. దానికేమంటవ్?

కోడ్_కూలీ
నిజమే, చెత్త పని అది. హెచ్‌టీసోళ్లు తర్వాత సరిచేసిన్రు. ఆండ్రాయిడ్‌ల ఫింగర్‌కు పద్ధతి, రూల్స్ అన్ని అదే 2015ల ఆరో వెర్షన్‌తోని వచ్చినయి, దానికి ముందుగాల ఎవనికి తోచినట్టు వాడు చేసిండు. ఎప్పటిదో ఫోన్ వాడేటోళ్లు ఉంటే మాత్రం ఫింగర్ పెట్టకున్రి, నా మాట గూడ అదే.

పాలమూరు_పిట్ట
మా తాత నిశాని పెట్టుడు నామోషీ అని రాత్రిబడికి పొయ్యి సంతకం నేర్చుకున్నడు. మనుమడు ఇరవై వేలు పెట్టి ఫోన్ కొని మళ్ల నిశాని పెడ్తుండు.

చాక్‌పీస్_సారు
పిట్టా, బాగ చెప్పినవ్ 😂 ఆ నిశానిని పోలీసుల రికార్డుకు ఎక్కించుడు మన దేశంల ఎప్పుడో మొదలైంది. 1897ల కలకత్తాల ఫింగర్‌ప్రింట్ బ్యూరో పెట్టిన్రు. లెక్క కట్టి వర్గాలుగ విడగొట్టే పద్ధతి తయారుచేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అని ఇద్దరు మనోళ్లు, పేరు మాత్రం హెన్రీ అనే దొరకు పోయింది. పిల్లలకు చెప్తే ఒక్కడు నమ్మడు, ఫింగర్‌ప్రింట్ అంటే ఫోన్ కంపెనోళ్లు కనిపెట్టిందే అనుకుంటరు.

గద్వాల_జరీ
మీరంత చైనా, అమెరికా, హ్యాకర్లు అంటున్నరు గని నాకు తెలిసిన కాడ హ్యాకర్ ఇంట్లనే ఉన్నడు. మా దగ్గరి చుట్టాల పిల్ల, పెండ్లయి ఏడాది గాలె. మొగడు రాత్రి ఆమె నిద్రపోయినంక ఏలు పట్టుకొని ఫోన్ తెరిచి అన్ని చదువుతుండె, తల్లిగారితోని ఏం మాట్లాడింది, అక్కతోని ఏం చెప్పుకున్నది అన్ని. పొద్దున లేచి ఆ మాటల మీదనే లొల్లి. ఆమెకు చానా రోజులు అర్థమే కాలే వీనికి ఎట్ల తెలుస్తున్నయి అని. పిన్ అయితే మనసుల ఉంటది, నిద్రల గుంజుకోలేరు. ఏలు అట్ల కాదు గదా.

పాలమూరు_పిట్ట
ఇది ఉల్టా గూడ అయింది. 2017ల ఒకామె విమానంల మొగడు పండుకున్నంక ఆయన ఏలుతోని ఫోన్ తెరిచి చూసింది, వేరే ముచ్చట బయటపడ్డది. ఆడ చేసిన లొల్లికి దోహా నుంచి బాలి పోయే విమానాన్ని చెన్నైల దించిన్రు. పేపర్లన్నిట్ల వచ్చింది.

గద్వాల_జరీ
నవ్వుకోనీకి బాగనే ఉంటది. మా పిల్ల ఇప్పుడు తల్లిగారింటి కాడ ఉన్నది.

పాలమూరు_పిట్ట
ఏమనుకోకు అక్కా, ఊకనే అన్న.

నల్లమల_నెట్‌వర్క్
జరీ అక్కా, ఆ పిల్లకు ఈ మాట చెప్పు. పడుకునే ముందట ఫోన్ ఒక్కసారి స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యాలె. రీస్టార్ట్ అయినంక పిన్ కొట్టేదాక ఏ ఫోన్ గూడ ఫింగర్ తీసుకోదు. ఆండ్రాయిడ్‌ల పవర్ బటన్ మెనూల లాక్‌డౌన్ అని ఉంటది, అది నొక్కినా అంతే. కొన్ని ఫోన్లల్ల సెట్టింగ్స్‌ల ఆన్ చేస్తేనే కనిపిస్తది. ఐఫోన్ అయితే రెండు రోజులు తెరవకుండ ఉంచినా పాస్‌కోడే అడుగుతది. అన్నిటికంటె మంచిది ఫింగర్ తీసేసి ఆరంకెల పిన్ పెట్టుకునుడు, పుట్టినరోజు పెట్టొద్దు.

గద్వాల_జరీ
ఫింగర్ తీసేసి ఒట్టి పిన్ పెడితే "ఎందుకు పెట్టినవ్, ఏం దాస్తున్నవ్" అని మళ్లొక లొల్లి. ఆఫ్ చేసి ఆన్ చేసుడు బాగున్నది, చెప్త.

మిల్లు_గుమాస్త
మిర్యాలగూడ మిల్లుల పనిచేస్త. మా కాడ పోయినేడు హాజరు మిషన్ పెట్టిన్రు, పొద్దున ఏలు సాయంత్రం ఏలు. ఫోన్ల ఏదో గది ఉంటది అంటున్నరు గదా, ఈ మిషన్‌ల ఏముంటది? దాని కేబుల్ ఆఫీసుల కంప్యూటర్‌కు పోతది, ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ మానిటర్ కింద చీటీ మీద రాసి అతికిచ్చిన్రు. అందరం చూస్తనే ఉన్నం.

కోడ్_కూలీ
😂😂 గుమాస్తన్నా నీ ప్రశ్నే అసలు ప్రశ్న. ఏలిముద్ర నీ ఫోన్ల నీ చేతిల ఉన్నంతసేపు నాకు పెద్ద భయం లేదు. వేరేవాని మిషన్ల పెట్టినప్పుడు అది ఎట్ల దాస్తడు ఎన్నొద్దులు దాస్తడు ఎవ్వరికి ఎరుక లేదు. బయోస్టార్ 2 అని ఆఫీసుల గేట్లకు, హాజరుకు వాడే సిస్టమ్ ఉన్నది, 2019ల దాని డేటాబేస్ ఇంటర్నెట్‌ల తాళం లేకుండ దొరికింది. పది లక్షల పైన మంది ఏలిముద్రలు, ఎన్‌క్రిప్షన్ గూడ లేకుండ.

నమ్మను_పో
ఇప్పుడొచ్చినవ్ దారికి.

కోడ్_కూలీ
దారికి రాలే అన్నా, నేను మొదటి నుంచి ఆడనే ఉన్న. ఫోన్ వేరు, పక్కోని మిషన్ వేరు.

మీసేవ_అన్న
ఆ పక్కోళ్లల్ల మేము గూడ ఉన్నం కాబట్టి చెప్తున్న. దేవరకొండ వైపు ఒక ఊర్లో ఆన్‌లైన్ సెంటర్ నాది, ఆధార్‌తో డబ్బులు తీసిస్తాను. జనం మా మిషన్ల మీద ఏలు పెట్టాలంటే ఈ మధ్య దొంగను చూసినట్టు చూస్తున్నారు. ఒక మాట క్లియర్‌గా చెప్తా. ఆధార్‌కు పనికొచ్చే మిషన్ అంటే రిజిస్టర్డ్ డివైజ్, ఏలు పెట్టగానే మిషన్ లోపలే లాక్ చేసి పంపుతది, మా కంప్యూటర్‌లో ఏం దాచుకునే వీలు లేదు. పాత రకం మిషన్లు పోయి ఎల్‌1 అనే కొత్త రకం మిషన్లు వచ్చినంక ఇంకా గట్టిగయింది. రబ్బరు ఏలు పెడితే పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను 2023లో ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ తెచ్చింది.

నమ్మను_పో
రబ్బరు ఏళ్లు ఎందుకొచ్చినయో గూడ చెప్పు అన్నా. 2018ల పెద్దపల్లి జిల్లాల ఒక సిమ్ముల దుకాణపోడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ల నుంచి భూమి కాయిదాలు డౌన్‌లోడ్ చేసి, వాటి మీదున్న బొటనేలు ముద్రలతోని రబ్బరు ముద్రలు తయారుచేసి వేల సిమ్ములు యాక్టివేట్ చేసుకున్నడు. టార్గెట్ కోసం! దస్తావేజుల ఆధార్ నంబరు ఉండె, పక్కనే ఏలిముద్ర ఉండె, ఇగ ఇంకేం కావాలె. అదే పద్ధతితోని తర్వాత వేరేటోళ్లు ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, ఏలు పెట్టి పైసలు గుంజిన్రు. ఓటీపీ లేదు, పిన్ లేదు, కార్డు లేదు.

మీసేవ_అన్న
అది నిజమే, కాదనట్లేదు. తప్పు మిషన్‌ది కాదు, ఏలిముద్రను అందరికీ కనిపించేట్టు కాగితం మీద పెట్టినోళ్లది అంటున్నా.

కోస్గి_పోరడు
మా నాయిన మేస్త్రి. బొంబాయిల, పూణెల ఇరవై ఏండ్లు సిమెంటుల చేతులు పెట్టిండు. ఆయన ఏళ్లు ఫోన్ గాదు, ఏ మిషనూ పట్టదు. కొత్త ఫోన్ కొనిస్తే ఫింగర్ ఎక్కియ్యనీకి కూసున్నం, "మళ్ల పెట్టండి" "మళ్ల పెట్టండి" అని అంటనే ఉన్నది. ఆఖరికి ప్యాటర్న్ పెట్టినం, ఎల్ లెక్క గీత. మీరు ఏలిముద్ర దొంగలు ఎత్కపోతరని భయపడుతున్నరు, మా ఇంట్ల ఎత్కపోనీకి ఏలిముద్రనే లేదు. పాలమూరు వలస పోయొచ్చినోళ్ల ఇండ్లల్ల అడుగున్రి, సగం మంది కథ ఇదే. రేషన్ కాడ ఫింగర్ పడ్తలేదు, ఉపాధి కూలి పైసలకు పోతే ఫింగర్ పడ్తలేదు, డీలర్ ఏమో చెయ్యి కడుక్కొని రా, తడి తుడుచుకొని రా, రేపు రా.

చాక్‌పీస్_సారు
పత్తి ఏరేటోళ్లది, చేనేతల రంగులద్దేటోళ్లది గూడ అంతే. పోచంపల్లి కాడ మా చుట్టాలున్నరు, రసాయనాలల్ల చేతులు పెట్టీ పెట్టీ గీతలు పోయినయి.

నల్లమల_నెట్‌వర్క్
కోస్గి తమ్మీ, ఫోన్ల అయితే బొటనేలు బదులు చిటికెనేలు ఎక్కించి చూడు, దానికి అరుగుడు తక్కువ. ఒక్క ఏలునే రెండుసార్లు ఎక్కించినా పట్టే ఛాన్స్ పెరుగుతది.

నమ్మను_పో
ఎక్కువ వేళ్లు ఎక్కిస్తే ఇంకో తిప్పలున్నది. 2023ల చైనాల టెన్సెంట్ కంపెనీ, జెజియాంగ్ యూనివర్సిటీ వాళ్లు కలిసి బ్రూట్‌ప్రింట్ అని ఒక పద్ధతి చూపించిన్రు. 15 డాలర్ల బోర్డు ఒకటి ఫోన్‌కు తగిలించి ఏలిముద్రల డేటాబేస్ నుంచి ఒకటెన్క ఒకటి కొట్టుకుంట పోతరు, ఐదుసార్లు తప్పయితే ఆగాల్సిన ఫోన్ ఆగకుండ చేస్తరు. వాళ్లు చూసిన ఆండ్రాయిడ్లన్ని తెరుచుకున్నయి. ఒక్క ఏలు ఉంటే గంటలకు గంటలు పట్టింది, ఎక్కువ వేళ్లు ఎక్కించిన ఫోన్ తొందరగ తెరుచుకున్నది.

కోడ్_కూలీ
ఐఫోన్ తెరుచుకోలే అని గూడ చెప్పు మరి. ఆండ్రాయిడ్ అయినా ఫోన్ ఎన్క మూత ఇప్పి లోపల బోర్డు తగిలియ్యాలె. నీ ఫోన్ కొట్టేసినోడు అంత కష్టపడడు అన్నా, సిమ్ తీసి పారేసి ఫోన్ అమ్ముకుంటడు.

పాలమూరు_పిట్ట
నమ్మను అన్న ఫోన్ల ఏముంటయి అంత కష్టపడనీకి, గుడ్ మార్నింగ్ మెసేజులు 😂

నమ్మను_పో
నా ఫోన్ల నోకియా పాము ఆట ఉన్నది. నాది బటన్ ఫోనే.

మిల్లు_గుమాస్త
అరె, బటన్ ఫోన్‌తోని ఇంత పెద్ద పెద్ద పోస్టులు ఎట్ల కొడుతున్నవ్ అన్నా??

నమ్మను_పో
కంప్యూటర్ ఉన్నది.

కోడ్_కూలీ
అండ్ల ఫింగర్ ఉన్నదా 😜

నమ్మను_పో
ఉన్నది. టేప్ అతికిచ్చిన.

కోర్టు_గుమ్మం
చట్టం మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తా. పోలీసులు కేసులో ఫోన్ పట్టుకుంటే ఏలు పెట్టమని అడగొచ్చా? 1961లో సుప్రీంకోర్టు 11 మంది జడ్జీల బెంచ్ కాఠీ కాలూ ఓఘడ్ కేసులో, ఏలిముద్ర ఇవ్వడం తన మీద తాను సాక్ష్యం చెప్పుకోవడం కిందికి రాదు అన్నది. అంటే తన మీద తాను సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు అనే రాజ్యాంగం 20(3) రక్షణ ఏలికి దొరకదు. పాస్‌వర్డ్ మాత్రం మనసులో ఉన్న మాట, చెప్పమని బలవంతపెట్టకూడదు అని 2022లో ఢిల్లీలోని సిబిఐ స్పెషల్ కోర్టు అన్నది, ఫింగర్, ఫేస్ అయితే తీసుకోవచ్చని అదే కోర్టు అన్నది. వేరే కోర్టులు వేరే రకంగా కూడా అన్నాయి, దీని మీద సుప్రీంకోర్టు చివరి మాట రావాల్సి ఉన్నది. ప్రైవసీ ప్రాథమిక హక్కే అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు చెప్పారు, కానీ అది చెప్పినంత మాత్రాన ఠాణాలో ఏలు పెట్టను అంటే చెల్లదు.

పాలమూరు_పిట్ట
లాయర్ సాబ్ ఫీజు ఎంత?

కోర్టు_గుమ్మం
చాయ్ పోయించు చాలు. బన్ను గూడ.

మునుగోడు_మల్లె
ఇంత పెద్ద కథ ఉన్నదని నాకు తెల్వదు. రెండో ఫింగర్ తీసేసిన, పిన్ మార్చిన, జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చిన. బ్యాంక్ యాప్ తీసి మళ్ల ఎక్కించిన. నా ఫింగర్ మాత్రం ఉంచుకుంటున్న, మా తమ్ముడు ముఖం మాడ్చుకున్నడు. ఇంకో డౌటు. బీపీ చూపిస్తది, షుగర్ చూపిస్తది, ఏలు పెట్టున్రి అని కొన్ని యాప్‌లు వస్తయి గదా, అవి?

కోడ్_కూలీ
తీసి పారెయ్ అక్కా. ఫింగర్ సెన్సర్‌తోని బీపీ, షుగర్ ఏవీ రావు. 2018ల ఐఫోన్‌కు ఇసొంటి యాప్‌లే వచ్చినయి, క్యాలరీలు లెక్కవెడ్తం టచ్ ఐడి మీద ఏలు పెట్టున్రి అనేటియి. ఏలు పెట్టినంతసేపట్ల స్క్రీన్ మీద వంద డాలర్ల పైన పేమెంట్ వచ్చి, ఆ ఏలే ఓకే కొట్టినట్టయి పైసలు పోయినయి. ఏలిముద్ర ఎత్కపోలే, ఏలుతోని సంతకం పెట్టిచ్చుకున్నరు. ఆపిలోళ్లు తర్వాత తీసేసిన్రు ఆ యాప్‌లను.

కోస్గి_పోరడు
ఆధార్‌ల ఏలిముద్ర లాక్ చేసుకోవచ్చు అంటరు గదా, అది ఎట్ల? నాయినకు పనికిరాకున్నా అమ్మది చెయ్యాల్నని.

మీసేవ_అన్న
యూఐడీఏఐ వాళ్ల ఆధార్ యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ అని ఉంటది. ముందు వర్చువల్ ఐడీ తీసుకోవాలి, ఆధార్ నంబరు బదులు వాడే పదహారంకెలది. లాక్ చేస్తే ఏలు, కన్ను, ముఖం మూడూ ఆగిపోతయి, ఓటీపీ పనిచేస్తది. రేషన్‌కు పోయే రోజు తాత్కాలికంగా ఓపెన్ చేసుకోవాలి, పది నిమిషాల్లో దానంతట అదే మళ్లీ లాక్ అయితది. అదే సైట్లో ఆధార్ ఎక్కడెక్కడ వాడారో ఆరు నెలల లిస్టు కూడా చూడొచ్చు. పైసలు పోతే మాత్రం వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి, బ్యాంకుకు కూడా వెంటనే రాసివ్వండి, రిజర్వ్ బ్యాంక్ 2017లో తెచ్చిన రూల్‌లో, మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా పోయిన పైసలకు మూడు పని దినాల్లో చెప్తే మన మీద భారం లేదు.

కోస్గి_పోరడు
పది నిమిషాలా? మా డీలర్ కాడ లైనే రెండు గంటలుంటది అన్నా.

మీసేవ_అన్న
లైన్లో ముందుకొచ్చినంక ఓపెన్ చెయ్యి తమ్మీ. ఓటీపీ వస్తది కాబట్టి ఆధార్‌కు లింక్ అయిన ఫోన్ చేతిలో ఉండాలి.

కోస్గి_పోరడు
ఆ నంబరు సిమ్ పొయ్యి రెండేండ్లాయె.

మీసేవ_అన్న
అయితే ముందు ఆధార్ సెంటర్‌కు తీస్కపొయ్యి నంబరు మార్పించు.

కోస్గి_పోరడు
ఆడ గూడ ఫింగర్ అడుగుతరు గదా? అమ్మది గూడ ఒకనాడు పడ్తది ఒకనాడు పడది.

మీసేవ_అన్న
ఏలు పడకపోతే కండ్లు చూపిస్తే సరిపోతది, మిషన్ ఉంటది వాళ్ల దగ్గర. పొద్దుగాలనే పోండి, పదకొండు దాటితే టోకెన్లు అయిపోతయి.